నల్ల కారు, నాయిన కుడి కాలు

మా చెల్లె ఫోన్ చేసి, "అక్కా, కారు తీసుకున్నమే, నల్లది" అన్నప్పుడు నేను వనపర్తిలో మా ఇంటి ముందు నా కారు కడుగుతున్నాను. "మంచిదే" అన్నాను. అన్నానే గానీ, చేతిలోని స్పాంజిని పిండిన పిండుడుకు దాంట్లో చుక్క నీరు మిగల్లేదు. ఒళ్లు మండిపోయింది. అలాంటివి దాచుకోవడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

నా ఏడుపు సగం ఆ కారు గురించి, సగం నాయిన గురించి.

నాయిన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నాగర్‌కర్నూల్‌లో ఉంటాడు. పొద్దున లేవగానే బస్టాండుకు పోయి, డ్యూటీ దిగిన డ్రైవర్లతో చాయ తాగి, ఎవరి బస్సు ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకుంటే గానీ ఆయనకు అన్నం సయించదు. జీవితమంతా బస్సు నడిపినందుకు ఆయనకు రెండు అలవాట్లు అంటుకున్నాయి. బండి ఎక్కేముందు, దిగగానే భుజం మీది తువ్వాలతో దాని ముఖం తుడవడం ఒకటి. రెండోది ఆయన కుడి కాలు. వేరేవాళ్లు నడిపే బండిలో ముందు కూర్చుంటే ఆ కాలు ఊరుకోదు. బర్రె అడ్డం వచ్చినా, ముందు ఆటో ఆగినా, అక్కడ లేని బ్రేకును ఠక్కున తొక్కుతుంది. "మీ నాయిన ఎక్కితే ఏ బండికైనా రెండు బ్రేకులే" అని అమ్మ బతికున్నన్నాళ్లూ నవ్వేది. నడిపేవాళ్లు మాత్రం నొచ్చుకునేవాళ్లు. "నమ్మకం లేదా పెద్దమనిషీ?" అని ఒక పెళ్లి జీపువాడు ముఖం మీదే అడిగాడు. అప్పటినుంచి నాయిన ముందు సీటు మానేశాడు. ఎక్కడికి పోయినా బస్సులోనే, అదీ వెనక సీట్లో.

నా కారులో తప్ప.

నా కారు బూడిద రంగుది, సెకండ్ హ్యాండు. దాంట్లో మోగనిది హారన్ ఒక్కటే అని మా ఆయన అంటాడు. కాకిపిల్ల కాకికి ముద్దు. నడపడం నేర్పింది నాయినే, నాగర్‌కర్నూల్ మార్కెట్ యార్డు పక్క ఖాళీ జాగాలో. ఆయన పెట్టిన మొదటి రూలు, రోడ్డు మీంచి కన్ను తీయొద్దు. "పక్కన కూసున్నది మొగుడైనా మంత్రైనా సూడొద్దు. సూస్తె బండి దిగు" అనేవాడు. వనపర్తి నుంచి బిజినేపల్లి మీదుగా మొదటిసారి ఆయన్ని ఇంటికి తీసుకుపోయిన రోజు, దిగి, అద్దం తుడిచి, నెమ్మదిగా అన్నాడు. "నీ బండిల నా కాలు ఊకున్నదే బిడ్డా."

బడిలో లెక్కలు చెప్పినందుకు నాకు శాలువాలు కప్పారు. ఆ శాలువాలు బీరువాలో ఎక్కడున్నాయో తెలియదు. నాయిన అన్న ఆ మాట మాత్రం నేను చుట్టాలందరికీ చెప్పుకున్నాను. అందరికంటే ఎక్కువసార్లు మా చెల్లెకు చెప్పాను. ఆమె చిన్నప్పటినుంచి అందగత్తె, గద్వాలలో ఇచ్చారు, అత్తగారిది పెద్ద ఇల్లు, మా మరిదిది పత్తి విత్తనాల వ్యాపారం. నాకున్నది నాయిన కుడి కాలు. అమాస అమాసకు ఆయన్ని అలంపురం గుడికి తీసుకుపోయేది నేనే, నా కారులోనే.

ఇప్పుడు చెల్లెకు కారొచ్చింది. అదీ కొత్తది, నల్లది, చప్పుడు చేయనిది. దాంట్లో ముందు సీట్లో నాయిన కూర్చుంటాడు. ఆ కాలు అక్కడ కూడా ఊరుకుంటే ఇక నాకేం మిగిలింది?

పూజకు పిలిచారు. పోయాను. నాయినను కూడా నేనే తీసుకుపోయాను, ఎర్రవల్లి చౌరస్తా దాటేదాకా ఆ కారు ఊసు ఎత్తకుండా. గద్వాలలో వాళ్లింటి ముందు ఆ నల్ల కారు నిలబడి ఉంది. కొత్త పెళ్లికూతురు లెక్క ఉందని ఎవరో అన్నారు. అబద్ధం చెప్పలేను, దానికంటే బాగుంది. నా కారును దూరంగా, గోడ మలుపులో ఆపాను.

బానెట్ మీద పసుపు ముద్దతో స్వస్తిక్ దిద్దారు. కుంకుమ బొట్లు పెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు, ముందు మిరపకాయల దండ, దిష్టి తీయడానికి బూడిద గుమ్మడికాయ. అన్ని దిష్టి సామాన్లు ఒక్కచోట చూసేసరికి ఇవన్నీ నా రెండు కళ్ల కోసమే తెచ్చారనిపించింది. నాయిన కారు చుట్టూ తిరిగి తిరిగి చూస్తున్నాడు. లోపలికి వంగి బ్రేకు ఎక్కడుందో కూడా చూశాడు. నా కారు కొన్నప్పుడు ఇంత చూశాడా అని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను.

భోజనాలయ్యేసరికి ఎండకు పసుపు గట్టిపడింది. దాన్ని తీయడానికి చెల్లె అత్తగారు పెట్టెలోంచి తన పాత చీర తీసుకొచ్చింది. గద్వాల చీరంటే ఒళ్లంతా నూలు, అంచుకు పట్టు, జరీ. ఉతికి ఉతికి వెన్నలా అయిన పాత చీర కంటే మెత్తని బట్ట ఈ లోకంలో లేదని ఆ ఊళ్లో అందరి నమ్మకం. పసిపిల్లలకు ఉయ్యాల కట్టేది దాంతోనే, బాలింత నడుముకు చుట్టేది దాంతోనే. ఆమె ప్రేమకొద్దీ ఆ చీరను ముక్కలు చింపి తలా ఒకటి ఇచ్చింది. అంచు ముక్కలు కూడా ఇచ్చింది. అందరూ కలిసి ఎండిన పసుపును, దాని కింది రోడ్డు దుమ్మును, పొడిబట్టతో, జరీతో సహా రుద్దడం మొదలుపెట్టారు.

నేను చేయి కడుక్కొని బయటికొచ్చి చూసి కేక పెట్టాను. "ఆగుండ్రి! నీళ్లు పోయకుంట తుడవొద్దు!"

అందరూ ఆగి నన్ను చూశారు.

"ఎందుకట్ల మొత్తుకుంటవు బిడ్డా? మెత్తటి చీరనే గద" అంది అత్తగారు.

"జరీ ఉంది అత్తమ్మా. దుమ్ముంది. గీతలు వడ్తయి."

వెనకనుంచి ఎవరో మెల్లగా అన్నారు. "అక్కకు కండ్లు మండుతున్నట్టున్నయి."

ఆ మాట నిజం. నేను చెప్పింది కూడా నిజమే. రెండు నిజాలూ ఒక మనిషి దగ్గరే ఉంటే జనానికి మొదటిదే వినబడుతుంది. వాళ్లు మళ్లీ రుద్దారు, ఇంకా శ్రద్ధగా.

ఎండ వాలి బానెట్ మీద ఏటవాలుగా పడగానే తెలిసిపోయింది. నల్ల రంగు నిండా సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు, గుండ్రంగా. అక్కడక్కడ జరీ లాగిన పొడుగు గీతలు. చెల్లె ముఖం చూడలేకపోయాను. "దిష్టి తగిలింది" అంది అత్తగారు. అని, అందరి వైపూ చూసి నా వైపు మాత్రం చూడలేదు. చూసినా బాగుండేది.

కొన్ని కార్ల రంగు గట్టిగా ఉంటుంది, కొన్నిటిది మెత్తగా. ఈ కారుది మరీ మెత్తన. పైకి అద్దంలా మెరుస్తుంది గానీ దేన్నీ ఓర్చుకోదు. దుమ్ము మీద వేలితో పేరు రాస్తే, దుమ్ము పోయినా పేరు మిగులుతుంది. అలాంటి రంగు కార్లున్నవాళ్లు పెట్టే వీడియోలు నేను ఎన్ని చూశానో లెక్కలేదు. నా దగ్గర చిన్న పాలిషింగ్ మిషను కూడా ఉంది. మా వీధిలో అందరికీ ఇది తమాషా. "టీచరమ్మ ఆ కారుకు బాలింత బిడ్డకు పోసినట్టు పోస్తది నీళ్లు" అంటారు. ఎవరి పిచ్చి వాళ్లకానందం. నాకు అంతుపట్టనిదల్లా నా కారు లోపలి సంగతి. ఎడమ పక్క ముందు సీట్లో కాళ్ల కింద వేసే రబ్బరు మ్యాటు ఎందుకో తొందరగా అరిగిపోతుంది. నేను నడిపే పక్కది బాగానే ఉంటుంది, అది చిల్లు పడుతుంది. "చెప్పులతో దున్నుతవా ఏంది?" అని మా ఆయన్ని తిట్టేదాన్ని. "నేను నీ కారు ఎక్కుడే తక్కువ గదనే" అని ఆయన గొణిగేవాడు. కొత్త మ్యాటు తెచ్చేదాన్ని. అదీ అరిగేది.

చెల్లె రెండు రోజులకు ఫోన్ చేసి ఏడ్చింది. "అక్కా, నువ్వే జెయ్యాలె. బయట ఇస్తె ఇంక పాడు జేస్తరేమో అని భయమైతుంది."

నాకు లోపల ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. జర చూద్దాంలే అని బెట్టు చేశాను. కానీ పూజ అయినప్పటినుంచి మా ఇంట్లోనే ఉన్న నాయిన, "పెద్దది జేస్తది తియ్యి, రంది పెట్టుకోకు" అని ఫోన్లోకి చెప్పేశాడు. ఆ మాటతో నా బెట్టు అంతా పోయింది.

మా ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉంది. వేసవి సెలవులు. మరిది కారు తెచ్చి అక్కడ పెట్టి, తాళం నా చేతిలో పెట్టి, "వదినా, మీ ఇష్టం" అని బస్సెక్కి పోయాడు. మంచివాడు. మంచివాడవడం వల్ల నాకు తిట్టుకోవడానికి కూడా వీలు లేకుండా పోయింది. నాయిన నాగర్‌కర్నూల్ నుంచి దిగి, షెడ్డు నీడలో నులకమంచం వేసుకొని కూర్చున్నాడు.

ముందు ధారగా నీళ్లు పోసి దుమ్మంతా జారిపోనిచ్చాను. చేయి పెట్టలేదు. తర్వాత నురగ. ఒక బకెట్లో సబ్బునీళ్లు, ఒక బకెట్లో మంచినీళ్లు, మెత్తటి చేతితొడుగుతో పైనుంచి కిందికి, ప్రతిసారీ మంచినీళ్లలో కడిగి. కింది అంచుల మట్టి పైకి రాకూడదు. ఆరబెట్టడానికి రుద్దకూడదు, పెద్ద తువ్వాలను పరిచి ఎత్తాలి, పసిబిడ్డ ఒంటి తడి అద్దినట్టు. నాయిన అన్నీ చూస్తున్నాడు. "మేం బస్సులను చీపురుతోటి కడిగేటోళ్లం" అన్నాడు. మెచ్చుకున్నాడో వెక్కిరించాడో తెలియలేదు.

పాలిష్ అంటే గీతను తుడిచేయడం కాదని చాలామందికి తెలియదు. గీత చుట్టూ ఉన్న రంగును గీత లోతుకు అరగదీయడం. అందుకే మెత్తటి రంగుతో భయం. మిషనుకు మామూలు స్పాంజి ప్యాడు పెడితే గీతలు పోయి, ప్యాడు చేసిన మసక మిగులుతుంది. నేను వెనక డోరు కింద, ఎవరికీ కనిపించని మూల, అరచేతంత జాగాలో ముందు చేసి చూశాను. మసక వచ్చింది. ప్యాడు మార్చాను, అన్నిటికంటే మెత్తనిది. పాలిష్ మందు మార్చాను, అన్నిటికంటే సన్ననిది. చేతి బరువు కూడా వేయకుండా మిషను బరువుతోనే తిప్పాను. అప్పుడు వచ్చింది నలుపు. కాటుక కాదు, బొగ్గు కాదు, లోపలికి దిగిపోయే నలుపు. మందు తుడిచే బట్టతో కూడా గీత పడుతుంది కనుక మడత మడతకూ బట్ట తిప్పుతూ, ఊదినంత మెల్లగా తుడిచాను.

పొద్దంతా అదే పని. ముక్క ముక్కగా ఆ కారు మెరుస్తూ పోతుంటే నా కడుపు మంట కూడా ముక్క ముక్కగా పెరిగింది. చేసేది నేను, మెరిసేది చెల్లెది. డోరు నిగనిగలాడుతుంటే దాంట్లో నా ముఖం కనిపించింది, చెమటతో, జుట్టుకు మందు అంటుకొని. నా ముఖం వెనక, వాకిట్లో ఎండలో నా బూడిద రంగు కారు కనిపించింది. పాపం అది కూడా చూస్తున్నట్టే ఉంది. ఇంత చాకిరీ దానికి నేను ఎప్పుడూ చేయలేదు. చేసినా ఇట్లా మెరవదు.

నాయిన మంచం మీంచి లేచి వచ్చాడు. బానెట్ ముందు నిలబడి, తల అటు ఇటు వంచి తన మీసం చూసుకున్నాడు. "అద్దం లెక్కున్నదే" అన్నాడు. ఆయన ముఖంలో అంత మురిపెం. చేయి దానంతటదే భుజం మీదికి పోయింది. తువ్వాల తీసి, మడిచి, బస్సు అద్దం తుడిచినట్టు ఆ బానెట్ మీద పెట్టబోయాడు.

"నాయినా! ముట్టకు!"

అంత గట్టిగా అరవాలని కాదు. మిషను చప్పుడులో ఉండి ఉండి నా గొంతు పెద్దదైంది. కొంత లోపలి మంట కూడా దాంట్లో ఉంది. ఆయన చేయి గాలిలోనే ఆగిపోయింది. తువ్వాల మళ్లీ భుజం మీద వేసుకున్నాడు.

"తెల్వక బిడ్డా" అన్నాడు. పోయి మంచం మీద కూర్చున్నాడు. ఆ తర్వాత రెండు చేతులూ ఒళ్లోనే పెట్టుకొని చూశాడు.

మర్నాడు కోటింగ్ వేశాను, రంగు మీద గాజు పొరలా గట్టిపడేది. ఆ మందు నాలుగు చుక్కలు మెత్తటి గుడ్డ మీద వేసి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పూసి, ఇంద్రధనుస్సు రంగులు తేలేదాకా ఆగి తుడవాలి. తొందరపడితే మరకవుతుంది, ఆలస్యమైతే గట్టిపడుతుంది. ఒక రోజంతా నీళ్లు తగలకూడదు. ఇక మీద పొడిబట్ట ముట్టించకూడదు. ఈ జాగ్రత్తలన్నీ చెల్లెకు ఫోన్లో చెబితే ఆమె ఇంకా నాలుగు కలుపుకొంది. చెప్పులతో ఎక్కొద్దు. సీట్ల మీది ప్లాస్టిక్ తీయొద్దు. డోరు వేళ్లతో పట్టి వేయొద్దు, పిడి పట్టాలి.

కారు తీసుకుపోవడానికి వచ్చినప్పుడు ఆమె నన్ను పట్టుకొని ఏడ్చినంత పని చేసింది. ఆ వెంటనే అంది. "అక్కా, ఈ అమాసకు అందరం కొత్త బండిలనే అలంపురం పోదం. నాయిన ముంగట కూసుంటడు. నీకు గూడ డ్రైవింగ్ తప్పుతది."

తప్పుతుందట. నాయిన వైపు చూశాను. వద్దంటాడని, పెద్దదాని బండిలో పోతానంటాడని. ఆయన "మంచిదే, పోదం" అన్నాడు.

అమాస పొద్దున ఆ నల్ల కారు మా ఇంటి ముందుకొచ్చింది. నాయిన రాత్రే మా ఇంటికి వచ్చి ఉన్నాడు. చెప్పులు విడిచి, కవర్లో పెట్టుకొని ముందు ఎక్కాడు. నేను మరిది వెనక సీటు పట్టుకున్నాను. కావాలనే పట్టుకున్నాను. అక్కడినుంచి చూస్తే నాయిన కుడి కాలు కనిపిస్తుంది. నేను నడిపేటప్పుడు ఎన్నడూ చూడలేని కాలు. చెల్లె నా పక్కన కూర్చొని ఏదో చెబుతూనే ఉంది, నేను ఆ కాలునే చూస్తున్నాను.

పెబ్బేరు వచ్చింది. సంతకు పోయే గొర్రెలు రోడ్డెక్కాయి. మరిది బ్రేకు వేశాడు. కాలు కదల్లేదు.

హైవే ఎక్కాం. ఒక లారీ సైగ చేయకుండా మా ముందుకొచ్చింది. నేనే "అమ్మో" అన్నాను. కాలు కదల్లేదు.

బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన ఎక్కేటప్పుడు ఒక బైకువాడు రాంగ్ సైడులో ఎదురొచ్చాడు. మరిది బండిని పక్కకు తిప్పాడు. నల్లటి ఆ కొత్త మ్యాటు మీద నాయిన వట్టి కాలు, వేళ్లు లోపలికి ముడుచుకొని, అట్లాగే ఉంది. ఏసీ చలికి ముడుచుకున్నాడనుకున్నాను. కదల్లేదు.

ఆ తర్వాత నేను కిటికీలోంచి బయటికి చూశాను. దున్నిన చేలు, దున్నని చేలు, ఏవో పోతున్నాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత వయసొచ్చి, ఇద్దరు పిల్లల తల్లినై, నాయిన కాలు కోసం ఏడుస్తున్నానని తెలిసి ఇంకా సిగ్గేసింది. నా చేతులతో మెరిపించి, నా చేతులతోనే ఇచ్చేశాను కదా అనుకున్నాను. గుళ్లో ఏం మొక్కానో గుర్తు లేదు. మంచిదైతే కాదు.

తిరిగి వచ్చేటప్పుడు ఎర్రవల్లి చౌరస్తాలో చాయ కోసం ఆగాం. మరిది హోటల్లోకి పోయాడు, చెల్లె ఫోన్ మాట్లాడుతూ నీడకు నడిచింది. నాయిన దిగి ఒక అడుగు వేశాడు. రెండో అడుగుకు "అబ్బా" అని డోరు పట్టుకోబోయి, చేయి వెనక్కి తీసుకున్నాడు. పడిపోయేవాడే. నేను పట్టుకొని బెంచీ మీద కూర్చోబెట్టాను.

"ఏమైంది నాయినా?"

"పిక్క పట్టుకున్నదే. పొద్దటిసంది బిగబట్టి కూసుంటి గద."

నేను కింద కూర్చొని కుడి కాలు ఒళ్లోకి తీసుకున్నాను. పిక్క రాయిలా ఉంది. "ఎందుకు బిగబట్టుడు?"

"మరేంది? అల్లుడు నడుపుతుంటె పక్కన కూసొని నేను బ్రేకులు తొక్కితె ఆయినకు ఎట్లుంటది? నమ్మకం లేనట్టు గాదా? మంచిగనే నడుపుతుండు పిలగాడు. గది నాకు తెలుసు. కాలుకు తెల్వదు గద." కారు వైపు చూసి, "కొత్తది. నువ్వు గంత కష్టపడి జేస్తివి. ఏడ ముడితె ఏమైతదో అని చెయ్యి గూడ ఆడనియ్యలే" అన్నాడు.

నాకు ఏదో పట్టు దొరికినట్టయింది. ఆశగా అడిగాను. "నా బండిల అయితే నీ కాలు ఊకుంటది గద నాయినా?"

ఆయన నన్ను చూశాడు. చిన్నప్పుడు నేను ఏదైనా తెలివితక్కువ ప్రశ్న వేస్తే ఎట్లా చూసేవాడో అట్లా చూసి, నవ్వాడు.

"నీ బండిల ఊకుంటదా? పిచ్చిపిల్లా, నీ బండిల నేను తొక్కినన్ని బ్రేకులు బస్సుల గూడ తొక్కలే."

నా చేతులు ఆయన పిక్క మీదే ఆగిపోయాయి. "నువ్వే అంటివి గద, ఊకున్నదని."

"నువ్వు కొత్తగ నేర్సుకుంటుంటివి. ఆడుతుందంటె బెదురుతువు గద. అందుకని అన్న. నువ్వు ఎన్నడు పక్కకు సూడకపోతివి, మంచిగైంది. నీ బండి చప్పుడుకు వినబడకపాయె." ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "నీ బండిల నాకు భయమేంది? నా బిడ్డ బండి. బుద్ధి పుట్టినప్పుడల్ల తొక్కుత."

నాకు ముందు వచ్చింది కోపమే. ఇన్నేళ్లు ఊరంతా చాటుకున్న నా గొప్ప ఒట్టిదైపోయింది. మరిది చాయ గ్లాసులు పట్టుకొని వస్తున్నాడు. నేను లేచి గ్లాసు అందుకొని, చక్కెర ఎక్కువైందని హోటలువాడి మీద విరుచుకుపడ్డాను. మళ్లీ కారెక్కినప్పుడు నాయినను వెనక కూర్చోమన్నాను. "ముంగట ఎండ కొడుతుంది" అని సాకు చెప్పి నేను ముందు కూర్చున్నాను. ఆయన వెనక సీట్లో కాలు చాపుకొని పెబ్బేరు రాకముందే నిద్రపోయాడు.

ఇంటికొచ్చాక చెప్పులు కూడా విప్పకుండా నా కారు డోరు తీశాను. ఎడమ పక్క మ్యాటు బయటికి లాగాను. ఈ మధ్యే వేసిన కొత్త మ్యాటు. మడమ ఆనే చోట పల్లం పడింది. దానికి జానెడు పైన, బ్రేకు ఉంటే ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడ, ముందరి పాదం అంత మేర రబ్బరు నున్నగా అరిగి, మధ్యలో చిల్లు మొదలైంది. వాకిట్లోకొచ్చిన మా ఆయన అది చూసి, "మల్ల నేనే అనకు" అన్నాడు. "నువ్వు కాదు తియ్యి" అన్నాను. ఆయన నమ్మలేక మ్యాటును అటూ ఇటూ తిప్పి చూశాడు.

రెండు రోజుల తర్వాత నాయిన ఊరికి బయల్దేరాడు, నా కారులో. ఎక్కేముందు అలవాటుగా భుజం మీది తువ్వాల తీశాడు. తీసి, ఆగి, నా ముఖం చూశాడు. బానెట్ మీద ఒక పొరంత దుమ్ముంది. పొడిబట్ట పెడితే ప్రతి గింజా ఒక గీత గీస్తుంది, అది నాకంటే బాగా వనపర్తిలో ఎవరికీ తెలియదు.

"తుడువు నాయినా" అన్నాను.

ఆయన ముందు అద్దం తుడిచి, బానెట్ తుడిచి, దీపాలు తుడిచి, చివరికి దాని మూతి మీద రెండుసార్లు తట్టి ఎక్కాడు. బిజినేపల్లి దాటేదాకా నేను రేడియో పెట్టలేదు. రోడ్డు మీంచి కన్ను కూడా తీయలేదు. మలుపులో ట్రాక్టరు అడ్డం వచ్చినప్పుడు నేను బ్రేకు తొక్కాను. ఎడమ పక్కనుంచి రబ్బరు మీద ఠక్కున ఒక చప్పుడు వినిపించింది. నా కంటే ముందే.

ఆ సాయంత్రం చెల్లె ఫోన్ చేసింది. గొంతులో పండగ. చిన్నప్పటినుంచి నేను గెలిచిన ఒకే ఒక్క పందెంలో తనూ గెలిచినట్టు చెప్పుకొచ్చింది.

"అక్కా, నువ్వు సూసినవో లేదో. నాయిన మా బండిల ఎంత నిమ్మలంగ కూసున్నడు! కాలు గూడ కదల్లే. మీ మరిది అయితే ఒకటే సంబురం. అందరికి జెప్తుండు."

నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట చెబితే చాలు, ఆ పందెం మళ్లీ నాదే అయ్యేది.

"సూసిన చెల్లే" అన్నాను. "ఊకున్నది."